పసుపు లారీ ఎన్ని రోజుల్లో తిరుగుతుంది: ఆర్మూరు ప్రాంతంలో ఉమ్మడి అమ్మకంపై ఒక కేస్ స్టడీ

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఒక పొద్దు నిలబడితే చాలు, రైతు సంఘం ఎందుకు కావాలో విడిగా చెప్పనక్కర్లేదు. పక్కపక్కనే రెండు కుప్పలు. రెండూ ఎర్రగుంటూరు రకమే, రెండూ ఒకే మండలం నుంచి వచ్చినవే. ఖరీదుదారు ఒక కొమ్ము తీసి విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, గుప్పెడు కొమ్ములు దోసిట్లో గలగలలాడించి వింటాడు, ముందుకు కదులుతాడు. అంతా అర నిమిషం. సాయంత్రానికి ఒక కుప్పకూ ఇంకో కుప్పకూ క్వింటాకు వందల్లో తేడా ఉంటుంది. తక్కువ పలికిన రైతుకు ఆ తేడా ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పరు. ఇరవై క్వింటాళ్లు ట్రాక్టర్లో తెచ్చుకున్నవాడు దాన్ని మళ్లీ ఎత్తుకుని ఇంటికి పోలేడు.

పసుపుకు కనీస మద్దతు ధర లేదు. ఆ కోపంతోనే 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ (దేశవ్యాప్త ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) మొదలైనప్పుడు తొలి విడత 21 మార్కెట్లలో నిజామాబాద్ ఉంది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. ఇవన్నీ మంచికే. అయినా కుప్ప ఒక్కొక్క రైతుదిగానే ఉన్నంతకాలం తొందర కూడా ఆ రైతుదే.

కుప్పలు కలిపితే తొందర పోతుందని సంఘాలు పెడతారు. మూడో ఏటికి ఆ సంఘాల్లో చాలావరకు ఎరువుల దుకాణంగా మిగులుతాయి. ధర రాకపోవడం వల్ల అలా అయిందని అందరూ అంటారు. పద్దులు తిరగేస్తే వేరే సంగతి కనిపిస్తుంది: సంఘాలు ధర దగ్గర కన్నా రోజుల దగ్గర ఎక్కువగా దెబ్బతింటాయి. ఈ కేస్ దాని గురించే.

లెక్క కోసం ఒక నమూనా సంఘాన్ని తీసుకుందాం. ఆర్మూరు, బాల్కొండ వైపు ఏడెనిమిది ఊళ్లు, 220 మంది సభ్యులు, తలా 2,000 రూపాయల వాటా. ఈ సీజన్లో సంఘం ద్వారా అమ్ముతామని రాసిచ్చినవాళ్లు 35 మంది, వాళ్ల సరుకు 600 క్వింటాళ్లు. ధరలు, కిరాయిలు గుండ్రటి అంకెలుగా వేసుకున్నవి. ఎవరి పద్దు పుస్తకం నుంచీ తీయలేదు. మీ ఊరి కూలి రేట్లు, కిరాయిలు వేసి మళ్లీ కట్టుకోవాలి.

రిజిస్ట్రేషన్ గురించి కొంచెమే

1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పెట్టుకోవచ్చు, కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీగా పెట్టుకోవచ్చు. రెండింట్లోనూ మనిషికి ఒక ఓటే. 2020లో వచ్చిన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం కిందికి వస్తే మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. అప్పుడు సభ్యుడికి 2,000 రూపాయల వరకు, సంఘానికి మొత్తం 15 లక్షలు మించకుండా, వాటా ధనానికి సమానమైన గ్రాంటు వస్తుంది. మూడేళ్ల నిర్వహణ ఖర్చుకు 18 లక్షల వరకు ఇస్తారు. మన నమూనా సంఘం 220 దగ్గరే ఆగింది కాబట్టి ముందు ఇంకో 80 మందిని చేర్చుకోవాలి. ఏ చట్టం కింద పెట్టామన్నదానికన్నా, మార్కెట్ కమిటీ దగ్గర కొనుగోలు లైసెన్సు, జీఎస్టీ నంబరు సీజన్‌కు ముందే చేతిలో ఉన్నాయా అన్నది ముఖ్యం. పచ్చి పసుపుకు జీఎస్టీ లేదు, ఎండు పసుపుకు 5 శాతం ఉంది. నంబరు లేని సంఘం నుంచి పెద్ద కొనుగోలుదారు లారీ ఎత్తడు. జనవరిలో దరఖాస్తు పెట్టి మార్చిలో నంబరు అందుకున్న సంఘం ఆ సీజన్‌ను వదులుకున్నట్టే.

సరుకు నాణ్యత కల్లంలోనే తేలిపోతుంది

సంఘం గోదాములో కూర్చుని గ్రేడింగు చేస్తే నాణ్యత వస్తుందనుకోవడం పొరపాటు. అక్కడ జరిగేది వేరుచేయడమే. పసుపు మంచిదో చెడ్డదో ఉడకబెట్టిన రోజు, ఎండబెట్టిన పది పదిహేను రోజుల్లో తేలిపోతుంది. అందుకే ఒప్పందం రాసుకోవాల్సింది తవ్వకానికి ముందు.

తవ్విన దుంపలను రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. తల్లి దుంప, అంటే గోళ, లావుగా ఉంటుంది. కొమ్ము, ఇక్కడి వాడుకలో కాడి, సన్నం. రెండూ ఒకే డ్రమ్ములో పోస్తే గోళ ఉడికేసరికి కాడి మెత్తబడి రంగు చెడుతుంది. కాడి చూసి దించేస్తే గోళ లోపల పచ్చిగా మిగిలి, ఎండాక మధ్యలో తెల్లగా పిండిలా కనిపిస్తుంది. అలాంటి గోళకే నిల్వలో ముందు పురుగు పడుతుంది. ఉడికిందా లేదా చూడ్డానికి సన్న పుల్ల గుచ్చితే సరి: కొద్దిపాటి ఒత్తిడితో లోపలికి దిగాలి. నీళ్ల పెనంలో అయితే నురగ లేచి, పసుపు వాసనతో ఆవిరి వస్తుంది. నీళ్లలో 45 నుంచి 60 నిమిషాలు పడుతుంది, ఆవిరి బాయిలర్లో అంతకన్నా చాలా త్వరగా అవుతుంది. బాయిలర్ కిరాయికి తెచ్చేవాళ్లకు డ్రమ్ముల లెక్కన డబ్బు. త్వరగా దించితే వాళ్లకే లాభం కాబట్టి పుల్ల రైతు చేతిలో ఉండాలి.

ఎండబెట్టడం రెండు మూడు అంగుళాల మందం మించకుండా, శుభ్రమైన నేల మీద గాని టార్పాలిన్ మీద గాని. పలచగా పరిస్తే పైన రంగు వెలుస్తుంది, మందంగా పోస్తే అడుగు చెమ్మగిల్లుతుంది. సాయంత్రం కుప్ప చేసి కప్పాలి. ఎండిన కొమ్ము విరిస్తే టక్కున, లోహం మోగినట్టు విరగాలి. వంగి విరిగితే ఇంకా చెమ్మ ఉన్నట్టు. పచ్చి దుంప 100 క్వింటాళ్లకు ఎండు సరుకు 20 క్వింటాళ్ల చుట్టూ దిగుతుంది. అంతకన్నా బాగా ఎక్కువ చూపించే కుప్పను ముందు తేమ మీటరు మీద పెట్టాలి.

తేమ అంటే నేరుగా డబ్బే. 12 శాతం తేమతో వచ్చిన క్వింటాలో ఎండు పదార్థం 88 కిలోలు. 10 శాతానికి ఆరితే ఆ క్వింటా 97.8 కిలోలవుతుంది. క్వింటా 12,000 ఉన్నప్పుడు ఆ 2.2 కిలోల విలువ 264 రూపాయలు. దీన్ని సభ్యుడి ఖాతాలో సర్దకపోతే సంఘం సొంత లాభం మొత్తం గోదాములోనే ఆవిరైపోతుంది. అలాగని యార్డులోలా చేత్తో చూసి తరుగు వేస్తే, యార్డుకూ మనకూ తేడా ఏముందని సభ్యుడు అడుగుతాడు. అతడిది న్యాయమైన ప్రశ్న. కాబట్టి మీటరు అంకె రైతుకు కనిపించాలి, సూత్రం చీటీ మీద అచ్చు వేసి ఉండాలి.

ఇంకో మాట, మందుల గురించి. దుంప ఈగకు, చెదలకు క్లోర్‌పైరిఫాస్ పోయడం ఈ ప్రాంతంలో మామూలే. దాని అవశేషం ఐరోపాకు పోయే సరుకును నిలిపేస్తుంది. ఎగుమతి మాట ఎత్తే సంఘం జూన్‌లో నాటినప్పటి నుంచి ఏ పొలంలో ఏ మందు ఎప్పుడు పోశారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఫిబ్రవరిలో అడిగితే అందరూ వేపపిండే వేశామంటారు.

నమూనా తీసే పద్ధతి

గొడవలన్నీ ఇక్కడే పుడతాయి కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

బియ్యం బస్తాకు గుచ్చే గొట్టం కాడికి పనికిరాదు. సన్న ముక్కలు, చూర మాత్రమే అందులోకి వస్తాయి. నమూనా ఎప్పుడూ చూరలా కనబడి రైతుకు అన్యాయం జరుగుతుంది. బస్తా మూతి విప్పి పై నుంచి ఒక గుప్పెడు తీస్తే అది సంఘానికి అన్యాయం, ఎందుకంటే పైన పోసేది ఎప్పుడూ మంచి సరుకే. సరైన పద్ధతి ఏమిటంటే ప్రతి ఐదు బస్తాల్లో ఒకదాన్ని పూర్తిగా పరదా మీద గుమ్మరించాలి. ఏ బస్తా అన్నది చీటీ తీసి తేల్చాలి. గుమ్మరించిన కుప్పను చదును చేసి నాలుగు భాగాలు చేయాలి. ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి పక్కకు తీయాలి. మిగిలిందాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. రెండు కిలోలు మిగిలేదాకా ఇలా చేస్తూ పోవాలి.

ఆ రెండు కిలోల్లో కాడి ఎంత, గోళ ఎంత, చూర, మట్టి, పుచ్చు ఎంత అన్నది రైతు ముందే తూచాలి. తర్వాత దాన్నే మూడు సంచుల్లో కట్టి సీలు వేయాలి. ఒకటి రైతుకు, ఒకటి సంఘానికి, ఒకటి కొనుగోలుదారుకు. మూడో వారంలో కొనుగోలుదారు "సరుకు మీరు చూపినట్టు లేదు" అన్న రోజున సంఘాన్ని కాపాడేది రైతు ఇంట్లో అటక మీద ఉన్న ఆ సంచే.

గ్రేడ్లు నాలుగు చాలు: ఒకటో రకం కాడి, రెండో రకం కాడి, గోళ, చూర. ఏడెనిమిది గ్రేడ్లు పెట్టిన చోట తూకం వేసే కుర్రాడికే తికమక పుట్టి, చివరికి ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లది ఒకటో రకం అవుతుంది.

సభ్యుడికి ఇచ్చే చీటీ ఇలా ఉంటుంది:

తెచ్చిన తూకం: 18.40 క్వింటాళ్లు
తేమ: 11.2 శాతం. 10 శాతానికి సర్దిన తూకం: 18.40 × 88.8 ÷ 90 = 18.15
ఒకటో రకం కాడి 11.20 × 12,000 = 1,34,400
రెండో రకం కాడి 2.80 × 11,300 = 31,640
గోళ 3.70 × 10,800 = 39,960
చూర 0.45 × 8,500 = 3,825
ఆ రోజు యార్డు ధర మీద విలువ: 2,09,825
ఈ రోజు ఇచ్చేది, 70 శాతం: 1,46,878

ధరల వరుస ఆ రోజు యార్డు తక్‌పట్టీలను (అమ్మకం చీటీలను) చూసి వేసింది. సంఘం నిర్ణయించిన ధర కాదు. ఎరువుల బాకీ ఏదైనా ఉంటే ఈ మొదటి చెల్లింపులో కోయకూడదు, రెండో చెల్లింపులో కోయాలి. కాగితం మీద చూస్తే బాకీ ముందే పట్టుకోవడం తెలివైన పనిలా ఉంటుంది. కానీ బాకీ ఉన్న సభ్యుడు మొదటి లారీ చీటీ చూడగానే మిగిలిన సరుకు పక్క దారిన పంపేస్తాడు. బాకీ కూడా దానితోపాటే పోతుంది.

అసలు ఇరుకు: డబ్బు

వాటా ధనం 220 × 2,000, అంటే 4 లక్షల 40 వేలు. 300 మంది నియమం పక్కనపెట్టి, గ్రాంటు కూడా వచ్చి అది రెట్టింపయిందనే అనుకుందాం: 8 లక్షల 80 వేలు. 600 క్వింటాళ్ల విలువ క్వింటా 12,000 చొప్పున 72 లక్షలు. అందులో 70 శాతం ముందు ఇవ్వాలంటే 50 లక్షల 40 వేలు కావాలి. ఆ డబ్బు లేదు.

కాబట్టి లారీ తర్వాత లారీ. ఒక లారీ 100 క్వింటాళ్లు, ఐదారుగురు సభ్యుల సరుకు. దానికి 70 శాతం అంటే 8 లక్షల 40 వేలు. చేతిలో మిగిలేది 40 వేలు. ఆ లారీ కదలాలంటే ఇంకేం కావాలో చూద్దాం, క్వింటాకు:

సంచులు 90, హమాలీ 40, వేరుచేసే కూలి 60, కొనుగోలుదారు గోదాము దాకా కిరాయి 120, ల్యాబు పరీక్షలు 60, ఆఫీసు, జీతం 60. మొత్తం 430. లారీకి 43 వేలు.

మూడు వేలు తక్కువ. గ్రాంటు కూడా వచ్చిందనుకుని, 220 మంది వాటాలు కట్టిన సంఘం ఒక్క లారీ నింపడానికి మూడు వేలు వెతుక్కోవాలి. గ్రాంటు రాకముందైతే సగం లారీయే. సభల్లో బ్రాండు, యాప్, ఎగుమతి గురించి మాట్లాడేవాళ్లలో ఈ కూడిక వేసి చూసేవాళ్లు తక్కువ.

ఇప్పుడు రోజుల లెక్క. సరుకు చేర్చుకోవడం రెండు రోజులు, వేరుచేసి సంచులకెత్తడం, ల్యాబు ఫలితం కలిపి మూడు రోజులు, లోడింగు, ప్రయాణం, అక్కడ దింపి తూకం రెండు రోజులు. ఏడు రోజులు. కొనుగోలుదారు దింపిన నాలుగో రోజున డబ్బు వేస్తే లారీ చక్రం, అంటే పెట్టిన డబ్బు తిరిగి చేతికొచ్చే ఒక చుట్టు, 11 రోజులు. ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా 75 రోజులు. ఆరు లారీలు తిరుగుతాయి, 600 క్వింటాళ్లూ అమ్ముడుపోతాయి. అదే కొనుగోలుదారు 30 రోజులకు డబ్బు ఇస్తానంటే చక్రం 37 రోజులు. రెండే లారీలు.

ధరతో కలిపి చూద్దాం. సంఘం ఖర్చు పైన చెప్పిన 430కి తోడు తూకంలో నలిగే ఒక శాతం 120, ముందు ఇచ్చిన సొమ్ము మీద పదిహేను రోజుల వడ్డీ 41. మొత్తం 591. రైతు ఒక్కడే యార్డుకు పోతే బండి కిరాయి, హమాలీ, కోతలు అన్నీ కలిపి 350 అనుకుందాం. అంటే నేరుగా కొనేవాడి ధర యార్డు కన్నా 241 రూపాయలు ఎక్కువ ఉంటేనే సంఘం ద్వారా అమ్మడంలో అర్థం ఉంది. అంతకన్నా తక్కువ తేడా ఉన్న రోజు సంఘమే సరుకును యార్డుకు తోలాలి. అలా తోలడం ఓటమి కాదు.

ఒక కొనుగోలుదారు యార్డు మీద 500 ఎక్కువ ఇచ్చి నాలుగు రోజుల్లో చెల్లిస్తాడు. నికరం 259, 600 క్వింటాళ్ల మీద 1,55,400. ఇంకొకడు 800 ఎక్కువ ఇస్తాడు, నెల తర్వాత చెల్లిస్తాడు. 559లోంచి అదనపు వడ్డీ 72 తీసేస్తే 487, కానీ 200 క్వింటాళ్ల మీదే: 97,400. క్వింటాకు మూడు వందలు ఎక్కువ ఇస్తానన్నవాడు మొత్తం మీద 58 వేలు తక్కువ తెచ్చిపెట్టాడు. మిగతా 400 క్వింటాళ్లు అడ్తిదారు (యార్డు కమిషన్ వ్యాపారి) దగ్గరికే పోయాయి. ఆ సభ్యులు వచ్చే ఏడు సంఘం గడప తొక్కరు.

ఈ ఇరుకు విప్పడానికి దారులు రెండు మూడున్నాయి. లోడింగు రోజునే 20 శాతం కొనుగోలుదారు నుంచి రాబట్టడం మొదటిది. నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కిసాన్ నుంచి గాని బ్యాంకు నుంచి గాని సీజన్‌కు నిర్వహణ రుణం తెచ్చుకోవడం రెండోది. ఎఫ్‌పీఓ పథకంలో 2 కోట్ల వరకు రుణ హామీ సదుపాయం ఉంది, కానీ కాగితాలు నవంబరులో మొదలుపెడితేనే ఫిబ్రవరికి సొమ్ము దిగుతుంది. మూడోది గుర్తింపు ఉన్న గిడ్డంగిలో పెట్టి ఎలక్ట్రానిక్ రసీదు మీద అప్పు తీసుకోవడం. ఇది నిల్వ చేయాలనుకునే సభ్యుడికి పనికొస్తుంది, లారీ చక్రానికి అంతగా పనికిరాదు.

కొనుగోలుదారుతో రాసుకోవాల్సినవి

ధరను అంకెగా రాయకూడదు, సూత్రంగా రాయాలి: లోడింగుకు ముందు మూడు వ్యాపార దినాల్లో నిజామాబాద్ యార్డులో కాడికి ఎక్కువ సరుకు అమ్ముడైన ధరల సగటు, దాని మీద ఇంత. అంకె రాసుకుంటే ధర పెరిగిన వారం సభ్యుడు పారిపోతాడు, తగ్గిన వారం కొనుగోలుదారు పారిపోతాడు.

కర్క్యుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) మీద అదనం ఇస్తామనే నూనె, రసాయన పరిశ్రమలతో ఇంకో జాగ్రత్త. 3 శాతం అని రాసి సంతకం పెడితే రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది పరీక్ష పద్ధతి. స్పెక్ట్రోఫోటోమీటరు మీద వచ్చే అంకె, హెచ్‌పీఎల్‌సీ అనే ఇంకో ల్యాబు యంత్రం మీద వచ్చే అంకె ఒకటి కావు, మామూలుగా మొదటిది ఎక్కువ చూపుతుంది. సంఘం చవకైన పరీక్ష చేయించుకుని సంబరపడుతుంది, కొనుగోలుదారు ఖరీదైన పరీక్ష చూపించి కోస్తాడు. రెండోది తేమ. 10 శాతం తేమ ఉన్న సరుకులో 3.0 శాతం కర్క్యుమిన్ అంటే, తేమ తీసేసి లెక్కిస్తే 3.33. ఏ లెక్కన అన్నది ఒప్పందంలో ఒక్క వాక్యం రాసుకుంటే చాలు. రాయకపోతే మూడో వంతు శాతం గాలిలో కలిసిపోతుంది.

ఏ ల్యాబు, ఏ నమూనా సంచి, తేడా వస్తే మూడో ల్యాబు ఖర్చు ఎవరిది, తూకం ఎవరి కాంటా మీద, ఎన్ని రోజుల్లో డబ్బు, ఆలస్యమైతే రోజుకెంత వడ్డీ. ఇంతే. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు. పెద్ద కొనుగోలుదారు ఏడాదిలో 50 లక్షలు దాటిన కొనుగోలు మీద 0.1 శాతం టీడీఎస్ కోస్తాడు. అది తిరిగొచ్చే డబ్బే గాని ఈ సీజన్లో రాదు, లారీ లెక్కలో వేసుకోవాలి.

ఎక్కడ చెడుతుంది

పక్కదారి అమ్మకం అన్నిటికన్నా పెద్దది. 20 క్వింటాళ్లు రాసిచ్చిన సభ్యుడు 8 తెస్తాడు. నీతిబోధ, జరిమానా రెండూ పనిచేయవు. 1956లో 14 గ్రామాల రైతులతో మొదలైన ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం ఇన్నేళ్లు నిలబడటానికి పెద్ద కారణం పేరులోనే ఉంది: పరపతి, మార్కెటింగ్ ఒకే చోట. పంట అప్పు, ఎరువు, విత్తనం ఇచ్చిన చోటికే ధాన్యం తిరిగొస్తుంది. పసుపు సంఘాలు అమ్మకం నుంచి మొదలుపెడతాయి. అడ్తిదారు మాత్రం జూన్‌లో విత్తన దుంపకు, ఆగస్టులో పిల్లల ఫీజుకు డబ్బిచ్చి కూర్చుని ఉంటాడు. ఫిబ్రవరిలో ఒక మంచి ధర చూపించి ఆ బంధం తెంపుతామనుకోవడం అమాయకత్వం. సభ్యుడికి పంట అప్పు ఇవ్వలేని సంఘం కనీసం ఉడకబెట్టే బాయిలరు కిరాయి, పాలిష్ ఖర్చు, టార్పాలిన్లు అప్పుగా ఇవ్వాలి. అప్పుడే తవ్వకం రోజుల్లోనే సంఘం మనిషి ఆ కల్లంలో ఉంటాడు.

లారీ వంతు రెండో గొడవ. మొదటి లారీలో పోయినవాడికి 12,400, మూడో లారీవాడికి 11,700 వస్తే ఆ 700 గురించి ఏడాదంతా మాట్లాడుకుంటారు. దీనికి మందు ఉంది: పదిహేను రోజులకోసారి ఆ గడువులో పోయిన లారీలన్నిటినీ గ్రేడు వారీగా కలిపి సగటు ధర కట్టడం. ఒక్క సీజన్ మొత్తానికి ఒకే సగటు కడితే ముందు తెచ్చినవాడు నష్టపోయానంటాడు, లారీ లారీకి కడితే వంతు కోసం కొట్లాట. పక్షం రోజులు మధ్యేమార్గం. డైరెక్టర్ల సరుకు మొదటి లారీలో పోకూడదన్న నియమం కూడా రాసి గోడకు అంటించాలి.

మూడోది నిల్వ మోజు. 2010లో క్వింటా 15 వేలు దాటిన పసుపు 2012 నాటికి 4 వేల చుట్టూ పడిపోయింది. 2023 మొదట్లో ఆరేడు వేలున్నది ఆగస్టుకు 13 వేలు దాటింది. రెండు కథలూ సభ్యులకు తెలుసు, రెండోదే గుర్తుంచుకుంటారు. సంఘం తన డబ్బుతో సరుకు ఆపితే చక్రం ఆగిపోతుంది. ఆపాలనుకునే సభ్యుడు తన పేర, తన గిడ్డంగి రసీదు మీద, తన బాధ్యత మీద ఆపుకోవాలి. నిల్వ సరుకులో సిగరెట్ పురుగు తొలిచిన సన్న రంధ్రాలు, పసుపు పిండి రాలడం జూన్, జూలై తేమలో కనిపిస్తాయి. బస్తాలు నేల మీద కాకుండా చెక్క దిమ్మెల మీద, గోడకు రెండడుగుల దూరంలో పేర్చి, ఫాస్ఫీన్ పొగ శిక్షణ ఉన్నవాళ్లతోనే పెట్టించాలి. ఎన్‌సీడీఈఎక్స్‌లో (సరుకుల ఎక్స్ఛేంజి) పసుపు ఫ్యూచర్లు, అంటే ముందు తేదీకి ఇప్పుడే ధర కట్టుకునే ఒప్పందాలు ఉన్నాయి, ఒక లాటు 5 టన్నులు. మన 60 టన్నులకు పన్నెండు లాట్లు సరిపోతాయి కదా అని ఎవరో ఒకరు లేస్తారు. రోజువారీ మార్జిన్ (హామీ సొమ్ము) కట్టడానికి డబ్బు కావాలి. మూడు వేలకే తడుముకున్న సంఘానికి ఆ పని వద్దు.

"పొడి కొట్టి మనమే అమ్ముదాం" అన్న మాట ప్రతి వార్షిక సమావేశంలోనూ వస్తుంది. 60 టన్నుల పొడి అంటే 100 గ్రాముల ప్యాకెట్లు 6 లక్షలు. ఆర్మూరు నుంచి కామారెడ్డి దాకా కిరాణా దుకాణాలన్నీ తిరిగినా తెగవు. పైగా దుకాణదారు నెల అప్పు మీద తీసుకుంటాడు, అమ్ముడుపోనిది తిరిగి ఇస్తాడు. ఫుడ్ లైసెన్సు, ల్యాబు, ప్యాకింగు కవరు వేరే. రెండు మూడు క్వింటాళ్లతో మొదలుపెట్టి, దానికి వేరే పద్దు రాసుకుని, చక్రం డబ్బు తాకకుండా చేసుకుంటే అభ్యంతరం లేదు.

పద్దు ముగించడం

పక్షం సగటు కట్టిన ఐదు రోజుల్లో రెండో చెల్లింపు. ఇక్కడ ఎరువుల బాకీ కోయాలి, సంఘం ఖర్చు క్వింటాకు ఎంతో విడిగా చూపాలి. సభ్యుడికి రావలసిన దాంట్లో 2 శాతం మే నెలాఖరు దాకా ఆపి ఉంచాలి. కొనుగోలుదారు కోతలు, తిరిగొచ్చిన బస్తాలు, తూకం తేడాలు అప్పటికి తేలతాయి. మిగిలిందంతా తెచ్చిన తూకం లెక్కన బోనస్‌గా వెనక్కి ఇవ్వాలి. వాటా లెక్కన ఇస్తే వాటా కట్టి సరుకు బయట అమ్మినవాడికి లాభం.

సీజన్ చివర గోదాము ఊడిస్తే చూర, విరిగిన ముక్కలు, సంచుల్లోంచి రాలిన పిండి కలిపి ఐదారు క్వింటాళ్లు దిగుతుంది. ఎవరి ఖాతాలోనూ ఉండదు కాబట్టి ఇది ఎవరి చేతికి దొరికితే వాళ్లదైపోతుంది. సభ్యులు లెక్కల మీద మొదట అనుమానపడేది ఈ చిన్న కుప్ప గురించే. తూచి, యార్డులో చూర ధరకు అమ్మి, తక్‌పట్టీని నోటీసు బోర్డు మీద అంటించి, సొమ్మును తూకం తేడాల ఖాతాకు జమ వేయాలి.